ఏనుగు బండ దాకా నీళ్ళు

మా పుట్టింట్లో ఒక చెక్క బీరువా ఉంది. దాని ఎడమ తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో రాసిన అంకెలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. 1782. 1786. 1779. 1790. కొత్తగా చూసిన చుట్టాలు అవి ఎవరో పుట్టిన సంవత్సరాలనుకుని, ఇంత పాత మనుషులు మీ ఇంట్లో ఎవరమ్మా అని అడిగేవాళ్ళు. అవి సంవత్సరాలు కావు, అడుగులు. గండిపేట చెరువులో నీళ్ళు ఎంత మట్టంలో ఉన్నాయో మా నాయిన రాసిపెట్టుకున్న లెక్క. సముద్ర మట్టానికి 1790 అడుగుల దగ్గర నీళ్ళుంటే చెరువు నిండినట్టు. ఆ అంకె రాసిన ఏడాది దాని కింద రెండు గీతలు గీసేవాడు.

నాయిన ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్‌లో పని చేసేవాడు. ఇల్లు కూడా అక్కడికి నడిచిపోయేంత దూరమే. గండిపేట నుంచి వచ్చిన నీళ్ళు ఇసుకలో వడకట్టుకుని ఊళ్ళో నల్లాలకు పోయేది అక్కడి నుంచే. అందుకనేమో, దసరా సెలవుల్లో మిగతా పిల్లలు జూపార్కుకో పబ్లిక్ గార్డెన్‌కో పోతుంటే, నాయిన మమ్మల్ని ఏటా గండిపేట తీసుకుపోయేవాడు. "తాగే నీళ్ళు ఏడికెళ్ళి వస్తున్నయో కండ్లార చూసి రావాలె బిడ్డా. ఎవరింట్ల తింటున్నమో తెల్వకుండ తిన్నట్టు ఉండొద్దు" అనేవాడు.

1985, 86 నాటి మాట. మెహదీపట్నంలో బస్సెక్కితే లంగర్‌హౌజ్ దాటగానే ఊరు అయిపోయేది. ఇబ్రహీంబాగ్ దగ్గర గుట్ట మీద తారామతి బారాదరి కనిపించేది. దాన్ని ముందు చూసినవాళ్ళకు తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటు. తమ్ముడు నాకంటే చిన్నవాడే అయినా ప్రతిసారీ వాడే గెలిచేవాడు. ఆ తర్వాత నార్సింగి, కోకాపేట. రోడ్డుకు అటూ ఇటూ జొన్న చేలు, చింతచెట్లు, ఎవరో తీరిగ్గా పేర్చిపెట్టినట్టు ఒకదాని మీద ఒకటి కూర్చున్న గుండ్లు. ఒకసారి బస్సు టైరు పంక్చరై కోకాపేట దగ్గర దిగిపోతే, ఒక ముసలామె తన బాయి కాడికి తీసుకుపోయి చేద వేసి, మా దోసిళ్ళలోకి నీళ్ళు పోసింది. 2023లో అదే కోకాపేటలో ఎకరం వేలంపాటలో వంద కోట్లు దాటిందని పేపర్లో వచ్చింది. నాయిన అది చదివి, పేపరు మడిచి పక్కన పెట్టి, చాలాసేపటికి "ముసలామె బాయి ఉండె, యాదుందా?" అన్నాడు. నాకు ఆమె మొహం గుర్తు లేదు. చేద అంచుకు కట్టిన ఎర్ర గుడ్డ పీలిక మాత్రం గుర్తుంది.

కట్ట ఎక్కేటప్పుడు నీళ్ళు కనిపించవు. ముందు గాలి తగులుతుంది. మెట్లు ఇంకా నాలుగైదు ఉండగానే అమ్మ కొంగు ఎగిరి మా మొహాల మీద పడేది, నీళ్ళ వాసన వచ్చేది, ఆ తర్వాతే చెరువు. చెరువని మేమంటాం గానీ, పిల్లల కళ్ళకు అది సముద్రమే. అవతలి ఒడ్డు ఒక బూడిద రంగు గీతలా ఉండేది. నీటికాకులు రాళ్ళ మీద రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటూ నిలబడేవి. తమ్ముడు వాటిని చూసి చేతులు చాపి అలాగే నిలబడేవాడు, అమ్మ వాడి చొక్కా వెనక నుంచి పట్టుకునేది. కట్ట పిట్టగోడ రాయి ఎండకు కాగి ఉన్నా, దాని మీద చెంప ఆనిస్తే లోపల్నించి చల్లగా ఉన్నట్టే అనిపించేది. ఒక పక్క అంత నీళ్ళు, ఇంకో పక్క పల్లంలో పచ్చటి చెట్లు. మధ్యలో ఈ రాతి గోడ ఒక్కటే నిలబడి ఆపుతోందన్న సంగతి నాకు అప్పట్లో భయంగా ఉండేది.

నాయిన మాత్రం ముందు అడుగుల గుర్తులు చూసేవాడు. నీళ్ళలోకి దిగిన అడుగుల పట్టీ మీద మట్టం ఎక్కడుందో, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒకటికి రెండుసార్లు చూసి, జేబులోంచి చిన్న పెన్సిలు తీసి బస్సు టికెట్టు వెనక రాసుకునేవాడు. ఆ టికెట్టు ఇంటికి వచ్చేదాకా చొక్కా జేబులో భద్రంగా ఉండేది.

అసలు నడక ఆ తర్వాత మొదలయ్యేది. కట్ట దిగి, చెరువు అంచు పట్టుకుని, చిలుకూరు వైపుగా బండల మీదుగా పోయేవాళ్ళం. దారంటూ ఏమీ లేదు. గొర్లు తొక్కిన బాటలు, మధ్యమధ్య శిఖం భూమిలో, అంటే నీళ్ళు తగ్గినప్పుడు బయటపడే చెరువు నేలలో, తుంగ, నల్లమట్టి. ఇప్పుడు దీన్ని హైకింగ్ అంటున్నారు, బూట్లూ కర్రలూ బ్యాగులూ ఉన్నాయి. మాకున్నవి స్లిప్పర్లు, అమ్మ చేతిలో పులిహోర టిఫిన్ డబ్బా, నాయిన భుజాన నీళ్ళ సీసా. బండ ఎక్కేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుంటే కాలికి పట్టు దొరుకుతుందని నాయినే నేర్పాడు. ఎండకు వేడెక్కిన బండ మీద ఒట్టి పాదం ఆనినప్పుడు రాయి గరుకు ఒక్కొక్క గింజలా తెలుస్తుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ రాళ్ళ వయసు 250 కోట్ల ఏళ్ళని తర్వాత కాలేజీలో చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది నా అరికాళ్ళే.

బండల పొదల్లో సీతాఫలం చెట్లు. అక్టోబరులో కాయలు కండ్లు తెరుస్తాయి, గళ్ళ మధ్య గీతలు తెల్లబడతాయి. అలాంటివే కోయాలి. అమ్మ ఒక్కో కాయనూ తిప్పి చూసి, కండ్లు తెరవనివి చెట్టుకే వదిలేసేది. తెచ్చినవి ఇంట్లో బియ్యం డబ్బాలో పెడితే మూడో రోజుకు వాసన వంటిల్లంతా నిండేది. దారి పొడుగునా తంగేడు పూలు. బతుకమ్మ అయిపోయి నాలుగు రోజులే కాబట్టి, వాటిని చూస్తే మళ్ళీ పేర్చాలనిపించేది నాకు.

చాలాసేపు నడిచాక ఏనుగు బండ వచ్చేది. ఆ పేరు మేం పెట్టుకున్నదే. నీళ్ళ అంచున మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఏనుగులా పెద్ద గుండు. రెండు మనిషి ఎత్తులు దాటి, ఇంకో నిలువు ఉండేది. పక్కనే కాస్త వాలుగా ఉన్న బండ మీద కూర్చుని తినేవాళ్ళం. కన్ను ఉండాల్సిన చోట ఒక గుంట. నీళ్ళు ఆ కంటి దాకా వస్తే పట్టీ మీద 1790 ఉన్నట్టని నాయిన కనిపెట్టాడు. ముందు కట్ట మీద అంకె చూసి, తర్వాత ఇక్కడికి వచ్చి పోల్చుకునేవాడు. పాదాల దగ్గరుంటే ఎంత, మోకాళ్ళ దాకా ఉంటే ఎంత, కడుపు దాకా ఉంటే ఎంత అన్నీ మాకు నోటికి వచ్చేవి. ఎక్కాల కంటే ముందు నాకు అవే వచ్చాయి.

ఒక ఏడాది తినడం అయ్యాక నేను అడిగాను. ఇక్కడి నీళ్ళు మన ఇంటి దాకా ఎట్లా వస్తాయి, ఎంత పెద్ద మోటర్ ఉంటుంది అని. నాయిన జవాబు చెప్పలేదు. సీసా మూత నిండా నీళ్ళు తీసుకుని, మేం కూర్చున్న బండ మీద సన్నటి గీతలా ఉన్న చారలో పోశాడు. నీళ్ళు కాసేపు అక్కడే ఉబ్బి నిలబడ్డాయి. తర్వాత ఒక మూల నుంచి జారి, చార పట్టుకుని, మెల్లగా, ఒక చీమ ఎంత వేగంగా పోతుందో అంతే వేగంగా కిందికి పోయాయి. నిజంగానే ఒక చీమ వాటి ముందు పరుగెత్తింది. చార చదునైన చోట నీళ్ళు ఆగిపోయాయి. నాయిన ఇంకో మూత పోశాడు. వెనక నీళ్ళు తోస్తే ముందు నీళ్ళు కదిలి, బండ అంచు దాటి కింద మట్టిలో పడ్డాయి. "అయ్యింది. మోటర్ లేదు, కరెంట్ లేదు. వాలు చూసి కాలువ కట్టిండ్రు. ఆసిఫ్‌నగర్ దాక నీళ్ళు వాటంతటవే నడుసుకుంట వస్తయ్" అన్నాడు.

పది కిలోమీటర్లకు పైగా దూరం, భూమిలో ఆ కొద్దిపాటి వాలును చూసుకుంటూ రాతి కాలువ కట్టారు వందేళ్ళ కిందట. ఇవాళ మా ఇంటికి వచ్చే నీళ్ళు కృష్ణవో గోదావరివో. నాగార్జునసాగర్ వైపు నుంచీ ఎల్లంపల్లి నుంచీ పంపులు పెట్టి, అంత దూరం, అంత ఎత్తుకు తోడి తెస్తున్నారు. ఊరు ఇంత పెరిగాక తప్పదు. కానీ కరెంటు పోతే నీళ్ళు రావని విన్నప్పుడల్లా నాకు ఆ మూతెడు నీళ్ళు గుర్తొస్తాయి.

ఈ చెరువు ఎందుకు కట్టారో మాకు చెప్పింది నానమ్మ. ఆమె దాన్ని తుగ్యానీ అనేది. పాత హైదరాబాదీలు 1908 మూసీ వరదను అదే మాటతో పిలిచేవాళ్ళు. సెప్టెంబర్ 28. నానమ్మ అప్పటికి పుట్టలేదు, ఆమె అత్తగారు చూసింది. రాత్రంతా వాన, తెల్లారేసరికి నది ఊళ్ళోకి వచ్చేసింది. పదిహేను వేల మంది దాకా పోయారని లెక్క. అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పుడు ఉస్మానియా దవాఖాన ఉన్న చోట, ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకుని 150 మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. నవాబు మహబూబ్ అలీఖాన్ స్వయంగా వచ్చి, నదికి చీరె, గాజులు, కొబ్బరికాయ సమర్పించి శాంతించమని మొక్కాడని చెప్పుకుంటారు. నానమ్మ ఆ కథ చెప్పేటప్పుడు చీరె రంగు ప్రతిసారీ మార్చేది. మాకు ప్రతిసారీ కొత్తగా ఉండేది.

మొక్కిన తర్వాత ఇంజనీరును పిలిచారు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. మూసీ పరీవాహకంలో అప్పటికి 788 చెరువులున్నాయనీ, ఆ వానకు వాటిలో 221 తెగిపోయాయనీ ఆయన లెక్క తేల్చారు. ఈ అంకె నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పటిదాకా వరదంటే ఒక్క నదే పొంగిందనుకునేదాన్ని. పైన ఒక చిన్న చెరువు తెగితే దాని నీళ్ళు కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది, రెండు చెరువుల నీళ్ళు మూడోదాని మీద పడతాయి. అలా తెగుతూ వచ్చిన చెరువులన్నీ కలిసి ఆ రాత్రి పట్నం మీద పడ్డాయి. అందుకే ఊరికి పైన, మూసీ మీద ఒకటీ ఈసీ మీద ఒకటీ పెద్ద జలాశయాలు కట్టి నీటిని పట్టి ఆపాలని ఆయన చెప్పారు. మూసీ మీది ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది, అదే మా గండిపేట. ఈసీ మీది హిమాయత్‌సాగర్ 1927లో అయింది. వరద ఆపడానికి కట్టినవే తాగునీళ్ళూ ఇచ్చాయి. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాద్ విడిచి పోడన్న మాట ఊరికే పుట్టలేదు.

గండి అంటే కట్ట తెగిన చోటు కదా, మరి కట్ట ఇంత గట్టిగా ఉన్న ఊరికి ఆ పేరేంటని తమ్ముడు అడిగాడు ఒకసారి. నానమ్మ కాసేపు ఆలోచించి, "మర్సిపోవద్దని పెట్టిండ్రు బిడ్డా" అంది. ఊరి పేరు అసలు అలా వచ్చిందో లేదో గానీ, చెరువుల మాట ఎప్పుడొచ్చినా మా ఇంట్లో ఆ జవాబే గుర్తు చేసుకుంటాం.

మరిచిపోవడమైతే జరిగింది. 1996లో 111 జీవో వచ్చింది. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల లోపు, 84 గ్రామాల్లో ఫ్యాక్టరీలు, పెద్ద కట్టడాలు కూడదని. నాయినకు ఆ జీవో నంబరు తన ఎంప్లాయీ నంబరు కంటే బాగా గుర్తు. 2022లో దాన్ని ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చినప్పుడు ఆయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ ఊళ్ళ రైతుల బాధ నాకు తెలుసు. పక్క ఊళ్ళో భూమి కోట్లు పలుకుతుంటే తమ చేను అలాగే ఉండిపోయిందన్న వాళ్ళ కోపంలో న్యాయం లేదని నేననను. వాళ్ళకు ఇన్నేళ్ళూ ఏదో ఒక రూపంలో ఊరు చెల్లించాల్సింది, చెల్లించలేదు. కానీ అనంతగిరి గుట్టల నుంచి వచ్చే వాన నీళ్ళు చెరువు దాకా చేరాలంటే మధ్యలో ఒర్రెలు ఉండాలి, నేల ఉండాలి. అది మాత్రం ఎంత డబ్బు పెట్టినా మళ్ళీ కొనలేం.

2016 ఎండాకాలంలో నాయినతో కలిసి పోయాను. అప్పటికే ఆయన రిటైరై చాలా ఏళ్ళయింది, మోకాళ్ళు నొప్పులు మొదలయ్యాయి. చెరువు దాదాపు ఎండిపోయింది. మేం ఎప్పుడూ పైనుంచి చూసే చోట, నేల బీటలు వారి, పళ్ళెం పెంకుల్లా లేచి ఉంది. నత్తగుల్లలు కాళ్ళ కింద చిటచిటమన్నాయి. ఏనుగు బండ మొత్తం బయటపడింది. పాదాల కింద ఇంకా ఎంత రాయి ఉందో నాకు ఆ రోజే తెలిసింది. నీటి చారలు దాని ఒంటి మీద ఒక్కొక్క ఏడాదివి ఒక్కొక్క రంగులో ఉన్నాయి. నాయిన దాని మొదట్లో నిలబడి, చెయ్యి ఎత్తి, అందినంత మేర ఆ చారలను తడిమాడు. ఏదో అంటాడనుకున్నాను. "పోదాం పా, ఎండ ముదురుతున్నది" అన్నాడు అంతే. ఆ ఏడాది బీరువా తలుపు మీద అంకె లేదు.

ఆ తర్వాత ఆయన మళ్ళీ రాలేదు. నేనూ రాలేదు, పనులు.

ఈసారి వానలు గట్టిగా పడ్డాయి. దసరా వెళ్ళిన ఆదివారం, తొమ్మిదో తరగతి చదివే మా వాణ్ణి తీసుకుని పొద్దున్నే బయల్దేరాను. నార్సింగి, కోకాపేట అంతా అద్దాల మేడలు. వాడికి నేను ఎక్కడ ఏ చింతచెట్టు ఉండేదో చూపించబోయి, నాకే దారి తెలియక ఊరుకున్నాను. మేం పోయిన వేళకు కట్ట గేటు తాళం వేసి ఉంది. అడుగుల పట్టీ చూసే వీలు లేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. తాతకు అంకె ఏం చెప్పాలి?

చుట్టూ తిరిగి చెరువు అంచుకు దిగాం. నడవడానికి అప్పటికంటే తక్కువ చోటుంది, ప్రహరీలు చాలా దూరం వచ్చేశాయి. ఒక చోట ముళ్ళకంప దాటడానికి పావుగంట పట్టింది. కానీ బండలు అవే. మా వాడు బూట్లతో జారుతుంటే విప్పమన్నాను. నమ్మలేదు, విప్పాక ఒక్క మాటా మాట్లాడకుండా నాకంటే ముందు ఎక్కేశాడు. తీతువు పిట్ట ఒకటి మా తలల మీద గొడవ చేస్తూ తిరిగింది, గూడు ఎక్కడో దగ్గర్లో ఉన్నట్టుంది. సీతాఫలం చెట్లు రెండే దొరికాయి. కండ్లు తెరిచిన కాయలు అయిదు.

ఏనుగు బండ కనిపించగానే నేను ఆగిపోయాను. మోకాళ్ళు లేవు, పాదాలు లేవు. నీళ్ళు కడుపు మీద చిన్న చిన్న అలలుగా తగులుతున్నాయి. వాడికి అన్నీ చెప్పాను. కన్ను ఎక్కడుందో, నీళ్ళు అక్కడి దాకా వస్తే ఎంతో. ఆ వాలు బండ మీద చార ఇంకా ఉంది. సీసా మూతతో నీళ్ళు పోసి చూపించాను. వాడు రెండో మూత, మూడో మూత తనే పోశాడు. ఫోన్‌లో ఫొటో తీస్తాడనుకున్నాను, తీయలేదు. బోర్లా పడుకుని, చెంప బండకు ఆనించి, నీళ్ళు అంచు దాటేదాకా చూశాడు.

సాయంత్రం ఆసిఫ్‌నగర్ పోయాం. నాయిన మంచం మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూడగానే, చెప్పులు విడవకముందే అడిగాడు.

"ఎంతున్నయ్?"

నేను గేటు తాళం సంగతి చెప్పబోతుంటే మా వాడు అందుకున్నాడు. "ఏనుగు కడుపు దాకా తాతా. సగం కాదు, ఇంకొంచెం పైకే. కన్ను మునగాలంటే నా అంత ఎత్తు పెరగాలి."

నాయిన కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు మోకాలి మీద మెల్లగా కదిలాయి, లెక్క వేస్తున్నట్టు. వాణ్ణి దగ్గరికి పిలిచి, లేపి నిలబెట్టి, పాదాల నుంచి తల దాకా ఒకసారి చూశాడు.

"అయిదడుగులుంటవా?"

"అయిదుంబావు."

"గట్లయితె 1785కు జర తక్కువ" అన్నాడు నాయిన. "బీరువ తలుపు తియ్యి బిడ్డా. పెన్సిల్ ఆ మీది అరలనే ఉంటది."